బరువైన గ్యాస్ అంత పైకి ఎలా పోతుంది? అక్కడి ఎండ దాన్ని ఏం చేస్తుంది?

ప్రశ్న: పాతికేళ్లుగా ఫ్రిజ్‌లు, ఏసీలు రిపేరు చేస్తున్నాను. మాది తెనాలి దగ్గర ఒక ఊరు. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. మొన్న కెమిస్ట్రీ చదువుకుంటూ, "నాన్నా, నువ్వు బయటికి వదిలేసే గ్యాస్ పైకి పోయి, ఎండకి విరిగి, ఓజోన్‌ని పాడుచేస్తుందంట" అంది. అప్పట్నుంచి మనసులో పీకుతూనే ఉంది. పని నేర్చుకునేటప్పుడు వాల్వు విప్పి గ్యాస్ వదిలేయడమే మాకు నేర్పారు. కానీ నాకు రెండు అనుమానాలు. ఆ గ్యాస్ గాలికన్నా బరువు. గదిలో వదిలితే నేల మీదే పరుచుకుంటుంది. అది ఆకాశానికి ఎలా పోతుంది? రెండోది, ఎండకి విరిగేదే అయితే మా మే నెల ఎండకి ఇక్కడే విరిగిపోవాలి కదా? ఇప్పుడొచ్చే కొత్త గ్యాసులతో ఓజోన్‌కి ఇబ్బంది లేదంటున్నారు, మరి వాటిని వదిలేయొచ్చా? షాపులో పాత ఆర్-12 సిలిండర్ ఒకటి సగం నిండి మూల పడుంది. దాన్నేం చేయమంటారు?

— ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

సమాధానం: మీ అమ్మాయి చెప్పింది నిజం. అలాగని మీ అనుమానాలు కొట్టిపారేసేవి కావు. బరువైన గ్యాస్ పైకి ఎలా పోతుందని అమెరికాలో 1990ల దాకా చదువుకున్నవాళ్లే గట్టిగా వాదించారు. ఎండ సంగతి ఇంకా లోతైనది. దానికి జవాబు తెలిస్తే మీ చేతిలో ఉన్న ఒక్కో గ్యాస్‌తో ఎలా మెలగాలో కూడా చాలావరకు తెలిసిపోతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. వీలైతే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ముందు బరువు. గదిలో మీరు చూసింది సరైనదే. పాత ఫ్రిజ్‌లలో వాడిన ఆర్-12 అణువు గాలి అణువుకి నాలుగింతల బరువు, ఏసీలలో వాడే ఆర్-22 మూడింతలు. మూసిన గదిలో పెద్ద లీకైతే అది కింద పరుచుకుని మనిషికి ఊపిరాడనివ్వదు. కాబట్టి తలుపులు తీసి పనిచేసే అలవాటు మానకండి. అయితే అదంతా కొద్దిసేపే. గ్యాస్ గుమ్మం దాటాక దాన్ని నడిపేది బరువు కాదు, గాలి. ఆర్గాన్ సంగతి చూడండి. వెల్డింగ్ షాపుల్లో దాని సిలిండర్లు చూసే ఉంటారు. అదీ గాలికన్నా బరువే. బరువును బట్టి వాయువులు వరసగా సర్దుకునేట్టయితే మనమంతా ఆర్గాన్‌లో మునిగి ఉండాలి. కానీ నేల మీద గాలిలో ఆర్గాన్ 0.93 శాతం ఉంటే, 50 కిలోమీటర్ల పైనా అంతే ఉంటుంది. గాలి పైకీ కిందికీ ఎప్పుడూ కలియబడుతూనే ఉంటుంది. సుమారు 100 కిలోమీటర్ల ఎత్తు దాకా ఆ కలియబాటు ముందు బరువు తేడా నిలవదు. ఆ పైన గాలి మరీ పలచబడ్డాకే వాయువులు బరువును బట్టి వేరుపడడం మొదలవుతుంది.

మనలాంటి వేడి ప్రాంతాల మీద మొదటి 16, 17 కిలోమీటర్ల ప్రయాణం త్వరగానే సాగుతుంది. బంగాళాఖాతం మీద లేచే పెద్ద ఉరుముల మేఘాలు నేల దగ్గరి గాలిని గంటల్లోనే ఆ ఎత్తుకి ఎత్తేస్తాయి. వానాకాలంలో ఇది మరీ ఎక్కువ. ఆ పైన మొదలయ్యే పొరని స్ట్రాటోస్ఫియర్ అంటారు. అక్కడ మేఘాల జోరు ఉండదు, గాలి చాలా నెమ్మదిగా పైకి జరుగుతుంది. ప్రపంచం మొత్తం మీద గాలి స్ట్రాటోస్ఫియర్‌లోకి ఎక్కే దారి ముఖ్యంగా భూమధ్యరేఖకి అటూ ఇటూ ఉన్న ఈ వేడి ప్రాంతాల మీదే ఉంది. మీ షాపులో వదిలిన గ్యాస్ అయినా, అమెరికాలో వదిలిన గ్యాస్ అయినా కొన్నేళ్లలో ఆ దారినే పైకి చేరుతుంది.

దీన్ని నిజంగా కొలిచి చూసిన చోటు మనకి దూరమేమీ కాదు. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కి బెలూన్ కేంద్రం ఒకటుంది. అక్కడి నుంచి ఎగిరే పెద్ద బెలూన్ల పరికరాలే అప్పుడప్పుడూ తెలంగాణ పల్లెల్లో పొలాల్లో దిగి, జనాన్ని ఆశ్చర్యపెడుతుంటాయి. 1987 నుంచి 1990ల దాకా అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ వాళ్లు, జర్మనీ మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలతో కలిసి, ఈ కేంద్రం నుంచి కొన్ని బెలూన్లు పంపారు. వాటిలో విపరీతంగా చల్లబరిచిన గొట్టాలు ఉండేవి. ఒక్కో ఎత్తులో ఒక్కో గొట్టం తెరుచుకుని, అక్కడి గాలిని గడ్డకట్టించి పట్టుకుని మూసుకునేది. అలా 35 కిలోమీటర్ల ఎత్తు చుట్టుపక్కల దాకా గాలి తెచ్చి ల్యాబ్‌లో పరీక్షించారు. అందులో మీ ఆర్-12 ఉంది, అదే జాతి గ్యాస్ ఆర్-11 కూడా ఉంది. దాదాపు 17 కిలోమీటర్ల వరకు గాలిలో వాటి వంతు ఇంచుమించు ఒకేలా ఉండి, ఆ పైన ఎత్తు పెరిగేకొద్దీ తగ్గుతూ పోయింది. ఆర్-11 ముందే వేగంగా తగ్గింది, ఆర్-12 మరికాస్త పైదాకా నిలిచింది. మీ రెండు అనుమానాలకీ ఆ గొట్టాల్లోనే జవాబు ఉంది. గ్యాస్ అక్కడిదాకా పోతోంది. పోయాక ఏదో దాన్ని విరిచేస్తోంది.

ఆ విరిచేది ఎండే. అయితే రెంటచింతల ఎండ ఎంత మండినా ఆర్-12 అణువుని ఏమీ చేయలేదు. ఎందుకంటే ఇక్కడ లెక్కలోకి వచ్చేది ఎండ ఎంత వేడిగా ఉందన్నది కాదు. వెలుతురు విడివిడి ఫోటాన్లుగా, అంటే చిన్న చిన్న శక్తి ముద్దలుగా వస్తుంది. అణువు మామూలుగా ఒకసారికి ఒక్క ఫోటాన్‌నే మింగుతుంది. ఆ ఒక్కదానిలో బంధం తెంచేంత బలం ఉంటేనే బంధం తెగుతుంది. వంద మంది పిల్లలు పొద్దంతా ఇసుక విసిరినా మామిడికాయ రాలదు, ఒక్క గట్టి రాయి తగిలితే రాలుతుంది. ఇక్కడి ఎండలో ఇసుక బోలెడంత ఉంది, రాయి లేదు.

ఫోటాన్ బలం దాని తరంగదైర్ఘ్యం మీద ఆధారపడుతుంది. తరంగం ఎంత పొట్టిదైతే ఫోటాన్‌కి అంత బలం. కంటికి కనిపించే వెలుతురు 400 నుంచి 700 నానోమీటర్లు (నానోమీటర్ అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు). మన ఒళ్లు మండించే వేడిలో చాలా భాగం ఈ వెలుతురూ, అంతకన్నా పొడవైన పరారుణ కిరణాలూ తెచ్చేదే. 400కి లోపున్నది అతినీలలోహిత కాంతి. సూర్యుడి నుంచి 200 నానోమీటర్లకన్నా పొట్టి కిరణాలు కూడా బయలుదేరతాయి. కానీ నేలకి చేరేసరికి 290కి లోపున్నవి దాదాపు ఏమీ మిగలవు. వాటిని దారిలో ఆపేసేవి రెండు, ఆక్సిజన్, ఓజోన్. ఆక్సిజన్ అణువు 200 లోపు కిరణాలను గట్టిగా పీల్చుకుంటుంది, 242 దాకా కొద్దికొద్దిగా పీల్చుకుంటుంది. పీల్చుకున్నప్పుడు రెండు పరమాణువులుగా విడిపోతుంది. ఆ విడి పరమాణువు ఇంకో ఆక్సిజన్ అణువుకి అతుక్కుంటే ఓజోన్. ఓజోన్ పుట్టుక ఇదేనని 1930లో సిడ్నీ చాప్‌మన్ అనే ఆయన లెక్క కట్టి చూపించారు. అంటే ఎండ విరిస్తేనే ఓజోన్ పుడుతుంది. ఆ ఓజోన్ మళ్లీ 200 నుంచి 300 మధ్య కిరణాలను, ముఖ్యంగా 255 దగ్గర, పీల్చుకుని తానూ విరుగుతుంది, మళ్లీ అతుక్కుంటుంది. పగలల్లా పైన జరిగేది ఇదే. ఇంత పని చేసే ఓజోన్ ఎంతుందో తెలుసా? ఆకాశంలో ఉన్నదంతా కిందికి తెచ్చి నేల మీది ఒత్తిడిలో పరిస్తే సగటున 3 మిల్లీమీటర్ల మందం. మన వైపు ఇంకాస్త తక్కువే.

ఇప్పుడు ఆ రెండింటి మధ్య సందు గమనించండి. ఆక్సిజన్ గట్టిగా ఆపేది 200 లోపు. ఓజోన్ గట్టిగా ఆపేది 255కి అటూ ఇటూ. మధ్యలో, అంటే 200 నుంచి 220 నానోమీటర్ల దగ్గర, రెండూ పూర్తిగా ఆపలేని చిన్న సందు మిగులుతుంది. ఆ సందులోంచి కాస్త కాంతి 20, 25 కిలోమీటర్ల ఎత్తు దాకా దిగుతుంది. ఆర్-11, ఆర్-12 అణువులు పీల్చుకునేది సరిగ్గా ఆ కాంతినే. పీల్చుకోగానే ఒక క్లోరిన్ పరమాణువు ఊడి వస్తుంది. బెలూన్ గొట్టాల్లో 17 కిలోమీటర్ల దాకా తగ్గని గ్యాస్ ఆ పైన తగ్గడానికి కారణం ఇదే.

మీ అమ్మాయి ఇక్కడ ఒక ప్రశ్న అడగొచ్చు. కార్బన్, క్లోరిన్ బంధం తెంచడానికి కావలసిన శక్తి లెక్కేస్తే 350 నానోమీటర్ల ఫోటాన్‌లో కూడా దాదాపు సరిపోయేంత ఉంది, ఆ కిరణాలు నేల మీదికి వస్తున్నాయి కదా అని. లెక్క సరైనదే. కానీ ఫోటాన్‌లో బలం ఉంటే చాలదు, అణువు దాన్ని మింగాలి కూడా. ఆర్-12 అణువు 350 కాంతిని పట్టించుకోదు, అది గుండా వెళ్లిపోతుంది. 230 లోపుకి వస్తే గానీ చెప్పుకోదగ్గంతగా పీల్చుకోదు. ఏ అణువు ఏ కాంతిని పీల్చుకుంటుంది, ఆ కాంతి ఏ ఎత్తు దాకా దిగుతుంది అన్న రెండూ కలిస్తేనే ఆ అణువు ఎక్కడ విరుగుతుందో తేలుతుంది. ఈ విషయం మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

అసలు ఆ బంధం తెగడం మీరు కళ్లారా చూసిందే. పాత రోజుల్లో లీక్ పట్టుకోవడానికి హాలైడ్ టార్చ్ వాడేవారు. ఆర్-12 తగలగానే మంట ఆకుపచ్చగా మారేది. మంట వేడికి అణువు విరిగి, అందులోని క్లోరిన్ రాగితో కలిసి ఇచ్చిన రంగు అది. లైన్‌లో గ్యాస్ మిగిలి ఉండగా బ్రేజింగ్ చేస్తే ముక్కు, గొంతు మండించే ఘాటు వస్తుంది చూడండి, అదీ విరిగిన గ్యాసే. ఆ పొగలో ఆమ్లాలతో పాటు ఫాస్జీన్ అనే విషవాయువు కూడా కొంత ఉంటుంది కాబట్టి అలా ఎప్పుడూ చేయొద్దు. బ్రేజింగ్ మంట చేసే పనిని మే నెల ఎండ చేయలేదు. 25 కిలోమీటర్ల పైన, మైనస్ 50 డిగ్రీల చలిలో ఉండే ఎండ చేస్తుంది.

ఈ సంగతి బయటపడిన తీరు కూడా తెలుసుకోదగ్గది. 1920ల దాకా ఫ్రిజ్‌లలో అమోనియా, సల్ఫర్ డయాక్సైడ్ లాంటివి వాడేవారు, లీకై మనుషులు చనిపోయేవారు. వాటి బదులు మండని, విషం కాని, రాగిని తినని గ్యాస్‌గా ఆర్-12 వచ్చింది. మెకానిక్‌లకి అది దేవుడిచ్చిన వరం లాగే ఉండేది, మీరూ దానితోనే పని నేర్చుకుని ఉంటారు. 1971-72లో జేమ్స్ లవ్‌లాక్ అనే శాస్త్రవేత్త ఇంగ్లండ్ నుంచి అంటార్కిటికా దాకా ఓడలో వెళ్తూ దారి పొడవునా గాలిని కొలిచారు. ఏ ఫ్యాక్టరీ లేని నడిసముద్రంలో కూడా ఆర్-11 కనబడింది. లక్ష కోట్ల గాలి అణువుల్లో కొన్ని పదులు, అంతే. కానీ అన్నిచోట్లా ఉంది. ఆ సంగతి విన్న షేర్వుడ్ రోలండ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ క్యాంపస్‌లో తన దగ్గర చేరిన మారియో మొలీనాతో కలిసి ఒకే ప్రశ్న పట్టుకున్నారు. ఇది చివరికి ఏమవుతుంది? వానకి కరగదు. సముద్రం పీల్చుకోదు. కంటికి కనిపించే వెలుతురుకి విరగదు. కింద దాన్ని తినే రసాయనం ఏదీ లేదు. మిగిలింది పైకి పోవడమే, అక్కడ ఆ పొట్టి కిరణాలకి విరగడమే. ఆర్-12ని వరం చేసిన ఆ గట్టిదనమే దాన్ని అంత పైకి చేర్చింది. 1974 జూన్‌లో ఇద్దరూ దీన్ని అచ్చువేశారు. 1995లో వాళ్లకీ, నైట్రోజన్ ఆక్సైడ్‌లు ఓజోన్‌ని ఎలా తింటాయో అంతకుముందే చూపించిన పాల్ క్రుట్జన్‌కీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఊడిన క్లోరిన్ పరమాణువు ఓజోన్ నుంచి ఒక ఆక్సిజన్‌ని లాక్కుంటుంది. తర్వాత ఇంకో విడి ఆక్సిజన్ ఎదురైతే దానికి దీన్ని ఇచ్చేసి మళ్లీ ఖాళీగా బయటికొస్తుంది. మళ్లీ ఇంకో ఓజోన్. ఇలా ఒక్క క్లోరిన్ పరమాణువు వేల ఓజోన్ అణువులను, లెక్కల ప్రకారం లక్ష దాకా, పోగొట్టగలదు. చివరికి మీథేన్ లాంటి వాటితో కలిసి హైడ్రోజన్ క్లోరైడ్‌గా మారి, ఏళ్ల తరబడి మెల్లగా కిందికి దిగి, వానలో కలుస్తుంది. మరి పైన ఉన్న క్లోరిన్ మన గ్యాసులదేనని ఎలా చెబుతారు, సముద్రపు ఉప్పుది కావచ్చు కదా అని కొందరు అడిగారు. ఉప్పు వానకి కరిగి కిందే రాలిపోతుంది. అంతకన్నా గట్టి సాక్ష్యం ఫ్లోరిన్. ఆర్-12లో క్లోరిన్‌తో పాటు ఫ్లోరిన్ కూడా ఉంటుంది. 1991లో అమెరికా పంపిన యూఏఆర్ఎస్ ఉపగ్రహం స్ట్రాటోస్ఫియర్ నిండా హైడ్రోజన్ ఫ్లోరైడ్ కనిపెట్టింది. అంత ఎత్తున అంత ఫ్లోరిన్ చేర్చే సహజమైన దారి ఏదీ లేదు.

1985లో బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వేకి చెందిన ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అంటార్కిటికా మీద వసంతకాలంలో ఓజోన్ బాగా పడిపోతోందని ప్రకటించారు. ఎండే కారణమైతే ఎండ ఎక్కువుండే మన మీద కాకుండా, ఆరు నెలలు చీకట్లో ఉండే చోట రంధ్రం ఎందుకు? అక్కడి చలికాలంలో స్ట్రాటోస్ఫియర్ మైనస్ 78 డిగ్రీల కన్నా చల్లబడి, సన్నని మంచు మేఘాలు ఏర్పడతాయి. ఓజోన్ జోలికి పోకుండా అప్పటిదాకా బంధించి ఉన్న క్లోరిన్, ఆ మేఘాల కణాల మీద జరిగే రసాయన చర్యల వల్ల రెండు పరమాణువుల క్లోరిన్ వాయువుగా విడుదలై, చీకట్లో పోగుపడుతుంది. క్లోరిన్ వాయువు ఆర్-12 లాంటిది కాదు, బలహీనమైన బంధం, 330 నానోమీటర్ల దగ్గరి కాంతిని కూడా పీల్చుకుంటుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సూర్యుడు దిగంతం మీదికి తొంగి చూసినా చాలు, ఆ నీరెండకే అది ముక్కలవుతుంది. కొన్ని వారాల్లో 14 నుంచి 20 కిలోమీటర్ల మధ్య ఓజోన్ దాదాపు మొత్తం పోతుంది. మన నెత్తిన అలాంటి రంధ్రం లేదు, ఆ విషయంలో టెన్షన్ పడకండి.

ఇక కొత్త గ్యాసులు. మీరు ఎండ గురించి అడిగినదానికి రెండో సగం ఇక్కడుంది. నేల దగ్గరి ఎండ ఆర్-12ని విరవలేదు గానీ, 310 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతితో కింద ఉన్న కొద్దిపాటి ఓజోన్‌ని విరుస్తుంది. అలా ఊడిన ఆక్సిజన్ నీటి ఆవిరితో కలిసి హైడ్రాక్సిల్ అనే చురుకైన ముక్కను పుట్టిస్తుంది. హైడ్రోజన్ ఉన్న ఏ అణువు కనబడినా అది ఆ హైడ్రోజన్‌ని లాగేసి అణువుని పాడుచేస్తుంది. ఆర్-12లో హైడ్రోజన్ లేదు, అందుకే వాతావరణంలో దాని ఆయుష్షు సుమారు 100 ఏళ్లు. ఆర్-22లో ఒక హైడ్రోజన్ ఉంది, సగటున 12 ఏళ్లలో పోతుంది. అందులో ఎక్కువ భాగం కిందే పోయి, కొంతే పైకి చేరుతుంది. దాని వల్ల ఓజోన్‌కి హాని తక్కువే గానీ, లేకపోలేదు. కొత్త గ్యాసుల్లో ఆర్-134ఎ ఆయుష్షు సుమారు 14 ఏళ్లు, ఆర్-32ది 5 ఏళ్లు. ఫ్రిజ్‌లలో వస్తున్న ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేన్, కొన్ని రోజుల్లోనే పోతుంది. ఆర్-12 లాగే హైడ్రాక్సిల్‌కి చిక్కని వాయువులు ఇంకా ఉన్నాయి. చేలో వేసిన యూరియా నుంచి కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా పైకి పోతుంది. అందులో హైడ్రోజనే లేదు, అదీ ఆర్-12 లాగే వందేళ్లకు పైగా ఉండి, పైన 230 లోపు కాంతికే విరుగుతుంది. అయితే అది ఇంకో రోజు రాయవలసిన కథ.

ఆర్-134ఎ, ఆర్-410ఎ, ఆర్-32లలో క్లోరిన్ లేదు. ఓజోన్‌కి ఇబ్బంది లేదన్నవాళ్లు చెప్పింది నిజమే. కానీ అవి భూమి నుంచి బయటికి పోయే వేడిని పట్టేస్తాయి. వందేళ్ల లెక్కన చూస్తే కిలో ఆర్-32, దాదాపు 700 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా వేడి పెంచుతుంది. ఆర్-134ఎ సుమారు 1,400 కిలోలతో, ఆర్-22 సుమారు 1,800, ఆర్-410ఎ 2,000కి పైనే. పాత ఆర్-12 అయితే 10,000 దాటుతుంది. కాబట్టి మీ ప్రశ్నకి జవాబు, వదిలేయొద్దు. ఒక మామూలు స్ప్లిట్ ఏసీలోని కిలో ఆర్-410ఎ వదిలితే ఎంతవుతుందో మీరే చూసుకోండి.

చేసేదానికి వస్తే, అన్నిటికన్నా సులువైంది, మెషిన్ కూడా అక్కర్లేనిది, పంప్ డౌన్. ఏసీ ఇల్లు మారుస్తుంటే కూలింగ్‌లో నడిపి, సన్నపైపు వాల్వు మూసి, గేజ్ సున్నాకి దగ్గరపడగానే లావుపైపు వాల్వు మూసి ఆపేస్తే గ్యాస్ అంతా అవుట్‌డోర్ యూనిట్‌లోనే ఉంటుంది. మీకిది తెలియంది కాదు. హడావిడిలో మానేసేవాళ్లే ఎక్కువ. కంప్రెసర్ నడవని యూనిట్‌కి మాత్రం రికవరీ మెషిన్, రికవరీ సిలిండర్ కావాలి. ఒక్కరికి ఖర్చు ఎక్కువనిపిస్తే మీ ఊరి మెకానిక్‌లు నలుగురు కలిసి కొనుక్కోండి. సిలిండర్ 80 శాతానికి మించి నింపొద్దు, ఒక గ్యాస్ ఉన్నదాంట్లో ఇంకోటి కలపొద్దు. కలిపితే రెండూ ఎందుకూ పనికిరావు.

ఏటా ఎండాకాలం రాగానే "గ్యాస్ తక్కువైంది, ఛార్జింగ్ చేయండి" అని ఫోన్లు వస్తాయి కదా. గ్యాస్ వాడితే అరిగేది కాదు. తగ్గిందంటే లీకుంది. లీక్ పట్టకుండా టాపప్ చేస్తే ఆ గ్యాస్ మొత్తం వచ్చే వేసవిలోపు ఆకాశానికే. నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగతో ఫ్లేర్ నట్లు, జాయింట్లు చూడండి. కస్టమర్ తొందరపెట్టినా సరే, ఆ అరగంట ఖర్చు అడిగి తీసుకోండి. అది న్యాయమైన కూలి. ఆక్సిజన్‌తో మాత్రం ఎప్పుడూ ప్రెషర్ పెట్టొద్దు, ఆయిల్ తగిలి పేలుతుంది. లైన్ శుభ్రం చేయడానికి కూడా గ్యాస్ కాదు, నైట్రోజనే వాడండి.

ఆర్-600ఎ సంగతి వేరు. ఓజోన్‌కీ, వేడికీ దానివల్ల చెప్పుకోదగ్గ హాని లేదు. కానీ అది మండే గ్యాస్. పైపుతో బయటికి తీసి, గాలి ఆడేచోట, పొయ్యికీ స్విచ్‌లకీ దూరంగా వదలడమే మామూలు పద్ధతి. అది పూర్తిగా పోయిందని తేలాకే మంట పెట్టాలి. కంప్రెసర్ మీద పసుపు త్రికోణంలో మంట గుర్తు ఉందో లేదో చూడకుండా టార్చ్ వెలిగించొద్దు. ఆర్-32 కూడా కొద్దిగా మండే రకమే.

మనసులో పీకుతోందన్నారు, దాని గురించి ఒక మాట. పాత ఫ్రిజ్ ఒకదానిలో సుమారు 120 గ్రాముల ఆర్-12 ఉంటుంది. కెమిస్ట్రీ లెక్కలో అది ఒక మోల్, అంటే ఆరు పక్కన ఇరవై మూడు సున్నాల అణువులు. చిన్న మొత్తం కాదు. కానీ ప్రపంచంలో ఈ గ్యాసులు ఏటా లక్షల టన్నులు తయారైన రోజుల్లో వాటిలో పెద్ద భాగం అమెరికా, యూరప్‌లలో సెంటు డబ్బాల్లో, స్ప్రేలలో పోయింది. మీకు పని నేర్పినవాళ్లకి ఈ సంగతి తెలియదు, మీకూ ఎవరూ చెప్పలేదు. తెలిశాక ఉత్తరం రాశారు. దాన్ని నేను చిన్న విషయం అనుకోవడం లేదు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందానికి వచ్చాయి, మన దేశం 1992లో చేరింది, 2008లో ఆర్-12 లాంటి గ్యాసుల తయారీ ఆపేసింది. ఆర్-22 వంతు 2030 కల్లా దాదాపు ముగుస్తుంది. కొత్త గ్యాసులను తగ్గించే కిగాలీ ఒప్పందాన్ని కూడా మనం 2021లో ఆమోదించాం. ఫలితం కనబడుతోంది. ఇలాగే సాగితే అంటార్కిటికా మీద 2066 నాటికి, మిగతా ప్రపంచంలో చాలాచోట్ల 2040 నాటికి ఓజోన్ 1980 నాటి స్థాయికి వస్తుందని 2022 నాటి అంతర్జాతీయ అంచనా. ఆర్-12 ఆయుష్షు వందేళ్లు కాబట్టే ఇంత కాలం పడుతోంది.

చివరిగా మీ సిలిండర్. అందులోంచి కొంచెం కూడా వదలొద్దు. ఆర్-134ఎ ఫ్రిజ్‌లో దాన్ని నింపే ప్రయత్నం కూడా చేయొద్దు. ఆయిల్ వేరు, కంప్రెసర్ పోతుంది. మీ గ్యాస్ డీలర్‌ని, పాత గ్యాస్ శుద్ధి చేసే రీక్లెయిమ్ కేంద్రాలవాళ్లు ఎవరైనా తీసుకుంటారా అని అడగండి. దారి దొరక్కపోతే ఢిల్లీలో కేంద్ర పర్యావరణ శాఖ కింద ఉన్న ఓజోన్ సెల్‌కి ఉత్తరం రాయండి. ఇలాంటి గ్యాస్‌ని నాశనం చేయాలంటే వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో విరిచి, వచ్చే ఆమ్లాలను సున్నంతో పట్టి ఆపుతారు. అది షాపులో చేసే పని కాదు, మంట పెట్టి చూడొద్దు. అప్పటిదాకా వాల్వు చుట్టూ సబ్బు నురగ పూసి లీక్ లేదని చూసుకుని, మూత బిగించి, ఎండ తగలని చోట నిలువుగా గొలుసు కట్టి పెట్టండి. మీరు లేనప్పుడు కుర్రాళ్లెవరూ పొరపాటున విప్పకుండా దాని మీద పెద్ద అక్షరాలతో "ఆర్-12, వదలొద్దు" అని పెయింట్‌తో రాయించండి.